కర్నూలు, కడప, అనంతపురం ఎండల్లో తీపి పానీయాలు తగ్గించుకోవడం ఎలా?

రాయలసీమలో మార్చి చివరి నుంచే ఎండ 40 డిగ్రీలను తాకుతుంది. తొలకరి పడేదాకా మనిషి రోజంతా ఏదో ఒకటి తాగుతూనే ఉండాలి. ఆ తాగేదానిలో చక్కెర ఎంత పోతున్నదన్నది మనలో చాలామంది లెక్క వేసుకోరు. కూల్‌డ్రింకు ఒక్కటే తీపి పానీయమని అనుకుంటాం గాని, నన్నారి షర్బత్, బండి మీది చెరకు రసం, చక్కెర కలిపిన చీనీ (బత్తాయి) రసం, బాదం పాలు, డబ్బాల్లో వచ్చే మామిడి రసం, ఎండదెబ్బకు మంచిదని కలుపుకునే గ్లూకోజ్ పొడి, రోజుకు నాలుగైదు సార్లు తాగే టీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

తగ్గించాలని నిశ్చయించుకున్నవారు చాలాసార్లు అన్నింటినీ ఒకే రోజున మానేస్తామని పట్టు పడతారు. మిట్టమధ్యాహ్నం బస్టాండులో దిగి నాలుక పిడచకట్టుకుపోయినప్పుడు ఆ పట్టు సడలిపోతుంది. దీనిని మనోబలం లేకపోవడంగా నేను చూడను. తీపి పానీయం మన రోజులో వేర్వేరు పనులకు వాడుకలో ఉంది. ఒకసారి దాహానికి, ఒకసారి అలసటకు, ఒకసారి వచ్చిన చుట్టానికి మర్యాద చేయడానికి, మరోసారి స్నేహితులతో పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడానికి తాగుతాం. ఏ పని కోసం తాగుతున్నామో విడదీసి చూసుకుని, ఆ పనికి సరిపోయే మరొకదాన్ని ముందే చేతికి అందేటట్లు పెట్టుకున్నవారికి మానడం తేలికవుతుంది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా దాని మీదనే ఆధారపడి ఉంది.

ముందుగా ఒక వారం రాసి పెట్టుకోండి

మొదటి వారం ఏదీ మానకండి. ఒక చిన్న పుస్తకంలోనో ఫోనులోనో తాగిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: ఏమి తాగారు, ఎంత తాగారు, ఎక్కడ తాగారు, ఎందుకు తాగారు. నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. "దాహం వేసి", "నిద్ర వస్తుంటే", "బావ తెప్పిస్తే కాదనలేక", "అన్నం తిన్న తర్వాత అలవాటుగా" అని ఉన్నది ఉన్నట్లు రాసుకోండి. వారం గడిచేసరికి మీకే ఒక వరుస కనిపిస్తుంది. ఆఫీసులో పనిచేసేవారికి ఎక్కువ భాగం టీ రూపంలో తేలుతుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల పనుల్లో ఉండేవారికి పది రూపాయల చిన్న సీసాలు రోజుకు రెండు మూడు తేలవచ్చు. ఇంటి దగ్గర ఉండే ఆడవారికి వచ్చిపోయేవారితో కలిసి తాగినవే అధికంగా ఉండవచ్చు. మందు అందరికీ ఒకటి కాదు గనుక ఈ వారం పనిని దాటవేయవద్దని నా మనవి.

రాసుకున్నదాన్ని చెంచాల్లోకి మార్చండి

ఒక చిన్న చెంచాలో సుమారు 4 గ్రాముల చక్కెర పడుతుంది. సీసా మీద లేదా డబ్బా మీద పోషకాల పట్టికలో 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎన్ని గ్రాములో ముద్రించి ఉంటుంది. దానిని మీరు తాగిన పరిమాణంతో హెచ్చవేసి, 100తో భాగించి, వచ్చిన గ్రాములను 4తో భాగిస్తే చెంచాలు వస్తాయి. ఉదాహరణకు, 100 మిల్లీలీటర్లకు 11 గ్రాములు ఉన్న కూల్‌డ్రింకు 250 మిల్లీలీటర్లు తాగితే 27.5 గ్రాములు, అంటే ఏడు చెంచాలకు కాస్త తక్కువ. మామూలు కోలా పానీయాలన్నీ ఇంచుమించు ఈ మోతాదులోనే ఉంటాయి. డబ్బాల్లో అమ్మే మామిడి పానీయాలు చాలావరకు దీనికంటే తీపి. పట్టిక ఇంగ్లీషులో ఉండి చదవడం కష్టమైతే ఇంట్లో బడికి వెళ్లే పిల్లలతో చదివించండి. లెక్క వాళ్లే వేస్తారు, విషయం వాళ్లకూ తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన దేశంలో లేబుల్ మీద రోజువారీ అవసరంలో ఇంత శాతం అని వేసేటప్పుడు, కలిపిన చక్కెరకు 50 గ్రాములను ప్రాతిపదికగా తీసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషి తీసుకునే మొత్తం శక్తిలో 10 శాతం కంటే తక్కువే చక్కెర నుంచి రావాలి. 2000 కిలోకేలరీల ఆహారం తినేవారికి అది 50 గ్రాములు. 5 శాతానికి, అంటే 25 గ్రాములకు తగ్గించుకోగలిగితే మరింత మేలని అదే సంస్థ చెప్పింది. కాబట్టి లేబుల్ మీద 50 శాతం అని కనిపిస్తే, మేలైన మోతాదు మొత్తం లేబుల్ మీద ఒకసారికి ఇంత అని చెప్పిన ఆ ఒక్క పరిమాణంతోనే పూర్తయిందని అర్థం చేసుకోండి. ఈ వ్యాసంలో నేను 25 గ్రాములనే, అంటే ఆరు చెంచాలనే, చేరవలసిన గమ్యంగా పెట్టుకుంటున్నాను.

ముడిపదార్థాల జాబితాలో చక్కెర వేర్వేరు పేర్లతో ఉంటుంది. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇన్వర్ట్ సిరప్, కార్న్ సిరప్ అనేవన్నీ ఆ కోవలోవే. బెల్లం, తేనె గురించి కూడా చెప్పాలి. హైవేల పక్కన "బెల్లం టీ" బోర్డులు చూసి అది షుగరు ఉన్నవారికి సైతం మంచిదని నమ్మేవారున్నారు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే అయినా అందులో ఎక్కువ భాగం చక్కెరే, రక్తంలోకి చేరే తీరులో పెద్ద తేడా ఉండదు. లెక్కలో బెల్లాన్ని చక్కెరతో సమానంగానే రాసుకోండి.

నమిలి తినే తీపి కంటే తాగే తీపి ఎందుకు చేటు?

ఒక జాంగ్రీ తిన్నవారికి కాస్తయినా కడుపు నిండినట్లు ఉంటుంది, ఆ పూట అన్నం ఒక ముద్ద తగ్గుతుంది. తాగిన చక్కెర విషయంలో శరీరం అలా సర్దుకోదు; సీసాడు కూల్‌డ్రింకు తాగిన తర్వాత కూడా అన్నం ఎప్పటిలాగే తింటాం. చక్కెర పేగుల్లో సగం గ్లూకోజ్‌గా, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. గ్లూకోజ్ రక్తంలోకి వేగంగా చేరుతుంది, దానిని అదుపు చేయడానికి ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగం కాలేయానికి పోతుంది, అక్కడ మోతాదు మించితే కొవ్వుగా మారుతుంది. మద్యం ముట్టనివారిలో కాలేయానికి కొవ్వు పట్టడానికి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరగడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధితోనూ, మరో 13 కోట్లకు పైగా దాని ముందు దశలోనూ ఉన్నారని అంచనా వేసింది. మన ఇళ్లలో ఎవరో ఒకరు ఆ లెక్కలో ఉండే ఉంటారు.

పళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. కూల్‌డ్రింకుల్లో చక్కెరతో పాటు ఆమ్లం కూడా ఉంటుంది. ఆమ్లం పంటి పైపొరను మెత్తబరుస్తుంది, నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని మరికొంత ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఉమ్మి దానిని విరిచివేయడానికి అరగంటకు పైగా పట్టవచ్చు. అందుకే ఒక సీసాను గంటసేపు పక్కన పెట్టుకుని గుక్కగుక్కగా చప్పరించడం, ఒకేసారి తాగేయడం కంటే పళ్లకు ఎక్కువ కీడు చేస్తుంది. ఎప్పుడైనా తాగవలసి వస్తే తాగిన వెంటనే నీళ్లతో పుక్కిలించండి. అప్పుడే బ్రష్ చేయవద్దు, మెత్తబడిన పొర అరిగిపోతుంది.

దాహానికి దాహం తీర్చేదే ఇవ్వండి

పుస్తకంలో "దాహం వేసి" అని ఎక్కువసార్లు ఉంటే మీ పని సులువు. తీపి పానీయం ముట్టుకునే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగి పది నిమిషాలు ఆగాలన్న నియమం పెట్టుకోండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే అది దాహం కాదని తేలిపోతుంది.

అయితే మన ప్రాంతంలో నీళ్లు తాగమని చెప్పడం అంత తేలిక మాట కాదు. చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, చప్పరిస్తే నాలుకకు అంటుకునేటట్లు ఉంటాయి. అనంతపురం ప్రాంతపు గ్రామాల్లో అనేకచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చిందే ఈ కష్టం తీర్చడానికి. నీళ్లు రుచించని చోట మనిషి చల్లటి, తియ్యటి సీసా వైపు చేయి చాపడం సహజం. కనుక చక్కెర తగ్గించే ప్రయత్నంలో మొదటి ఖర్చు మంచినీళ్ల మీదనే పెట్టండి. పథకం నీళ్లు వచ్చే ఊరైతే తాగడానికి వాటినే పట్టుకోండి. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను కాచడం వల్ల ప్రయోజనం ఉండదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

నీళ్లు చల్లగా ఉంటే సగం పని అయినట్లే. నోరు చిన్నగా ఉన్న మట్టి కుండ, దాని చుట్టూ తడిగుడ్డ, గాలి తగిలే నీడ ఉంటే ఫ్రిజ్ లేకపోయినా సరిపోతుంది. నన్నారి వాసన మీద మనసున్నవారికి ఒక మార్గం చెబుతాను. నన్నారి వేళ్లను బాగా కడిగి, పైపైన దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రి తాగే నీళ్లలో వేసి ఉంచండి. ఉదయానికి నీళ్లకు ఆ కమ్మటి వాసన పడుతుంది, ఒక్క చెంచా చక్కెర కూడా అక్కర్లేదు. వట్టివేళ్లతోనూ ఇలాగే చేయవచ్చు. బయటికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచి లీటరు సీసా నింపుకుని వెళ్లడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, బస్టాండులో కొనే కూల్‌డ్రింకుల్లో చాలావాటిని ఆ ఒక్క సీసానే ఆపుతుంది. నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపుగా ఉంటే సరిపోతున్నట్లు, ముదురుగా ఉంటే చాలనట్లు.

మజ్జిగ గురించి మన వాళ్లకు ఎవరూ నేర్పనవసరం లేదు. ఒక గ్లాసు పెరుగుకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి చిలికి, అల్లం, కరివేపాకు, కొత్తిమీర, ఒక పచ్చిమిరపకాయ దంచి కలిపి, చిటికెడు ఉప్పు వేస్తే పనిచేసే చోటికి తీసుకుపోవడానికి ఇంతకంటే మంచిది లేదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానేసి జీలకర్ర పొడి, నిమ్మరసం వేసుకోండి. పొలం పనికి పోయేవారికి రాగి అంబలి ఆకలినీ దాహాన్నీ కలిపి తీరుస్తుంది: రాగిపిండిని రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, తరిగిన ఎర్రగడ్డ కలుపుకుని తాగండి. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం అంబలిని నీళ్లలాగా కాక ఒక పూట ఆహారంగా లెక్కించుకోవాలి. పిండిపదార్థం పలుచగా కాచితే రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది.

టీని వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి

పెద్దవారిలో చాలామందికి అసలు భారం ఇక్కడే ఉంటుంది. అంగడిలో ఇచ్చే చిన్న కప్పులో రెండు చెంచాల దాకా చక్కెర పడుతుంది. అటువంటివి ఐదు తాగితే పది చెంచాలు, అంటే 40 గ్రాములు. కూల్‌డ్రింకు ముట్టని మనిషి కూడా టీతోనే హద్దు దాటిపోతాడు.

ఇంట్లో అయితే చక్కెరను గిన్నెలో మరిగించడం మానేసి, ఎవరి కప్పులో వారు చెంచాతో కొలిచి వేసుకునే అలవాటు చేయండి. ఇప్పుడు రెండు చెంచాలు వేసుకుంటుంటే మొదటి వారం ఒకటి ముప్పావు, రెండో వారం ఒకటిన్నర, ఆ తర్వాత ఒకటింపావు, ఇలా దిగి రండి. నాలుక మెల్లగా అలవాటుపడుతుంది. రెండు నెలల్లో అర చెంచాకు చేరినవారికి పాత టీ ఇస్తే పాకంలా అనిపిస్తుంది. అల్లం, యాలకులు, మిరియాలు వేసుకుంటే తీపి తక్కువైన లోటు తెలియదు. అంగడిలో టీ ముందే చక్కెరతో కలిసి మరుగుతుంటుంది కాబట్టి అక్కడ తగ్గించమని అడిగినా కుదరదు. "అన్నా, నాకు చక్కెర లేకుండా వేరేగా పెట్టు" అని రోజూ పోయే చోట ఒకసారి చెప్పి పెట్టుకుంటే, నాలుగో రోజుకల్లా అడగకుండానే ఇస్తారు. అది వీలుకాని చోట కప్పుల సంఖ్యనే తగ్గించాలి. రోజుకు ఐదు తాగేవారు ఒకేసారి ఒకటికి దిగితే తలనొప్పి, చిరాకు రెండు మూడు రోజులు బాధిస్తాయి. అది కెఫీన్ తగ్గడం వల్ల వచ్చేది, ప్రమాదకరం కాదు. మూడు నాలుగు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గిస్తే ఆ బాధ అంతగా ఉండదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు అన్నానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగవద్దని కూడా చెబుతున్నాయి. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న ఆడవారు ఈ ఒక్క నియమం పాటించినా రెండు లాభాలు కలుగుతాయి, ఒక కప్పు దానంతట అదే తగ్గిపోతుంది.

పండ్ల రసం పండుకు సమానం కాదు

చీనీ తోటలకు పేరుపడ్డ అనంతపురంలో చీనీ రసాన్ని తప్పుపట్టడం చాలామందికి నచ్చకపోవచ్చు. చీనీకాయను నేను ఏమీ అనడం లేదు. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు. పీచు చెత్తబుట్టలోకి పోతుంది, నాలుగు కాయల తీపి రెండు నిమిషాల్లో కడుపులోకి పోతుంది. ఆపైన అంగడివాడు చక్కెర పాకం కలుపుతాడు. పండు నుంచి పిండిన రసంలోని సహజమైన తీపిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించవలసిన చక్కెరగానే లెక్కిస్తుంది, కొరికి తినే పండులోని తీపిని మాత్రం ఆ లెక్కలో చేర్చదు. కాబట్టి ఒక కాయ ఒలుచుకుని తొనలు తినండి. తప్పనిసరిగా రసమే తాగవలసి వస్తే "చక్కెర వద్దు, పాకం వద్దు" అని కళ్లెదుటే పిండించుకుని, సగం గ్లాసుతో ఆపండి. వేసవిలో తాటి ముంజలు, పుచ్చకాయ ముక్కలు, దోసకాయ దాహాన్నీ తీపి కోరికనూ కలిపి తీరుస్తాయి. టెంకాయ నీళ్లలో తీపి తక్కువే, రోజుకు ఒకటి తాగవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం అందులోని పొటాషియం దృష్ట్యా వైద్యుణ్ణి అడగకుండా తాగరాదు.

డబ్బాల్లో వచ్చే రసాల మీద "100 శాతం పండ్ల రసం" అని వేసుకోవడం కుదరదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది. ఇంట్లో పాత నమ్మకం ఇంకా ఉంటే ఈ విషయం చెప్పండి.

మర్యాదను వదులుకోకుండా సీసాను వదులుకోండి

మన ఇళ్లలో చుట్టం వస్తే పిల్లవాణ్ణి అంగడికి పంపి కూల్‌డ్రింకు తెప్పించడం ఒక ఆచారమైపోయింది. వచ్చినవారు "వద్దు" అంటే మొహమాటమనుకుని ఇంకొక గ్లాసు పోస్తారు. తీపి పానీయాలు తగ్గించే ప్రయత్నాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఓడిపోతాయని నా అభిప్రాయం. దీనికి రెండు వైపులా పని చేయాలి.

మీరు ఇంటివారైతే, ఎండాకాలం నాలుగు నెలలూ ఫ్రిజ్‌లోనో కుండలోనో మసాలా మజ్జిగ సిద్ధంగా ఉంచండి. వచ్చినవారు కూర్చున్న నిమిషంలోనే చల్లటి గ్లాసు చేతికి అందితే అంగడికి మనిషిని పంపే అవసరమే రాదు. నిమ్మకాయ నీళ్లలో చక్కెరకు బదులు ఉప్పు, జీలకర్ర, నానిన సబ్జా గింజలు వేసి ఇవ్వండి. పెద్ద సీసా కొని ఇంట్లో నిల్వ ఉంచడం పూర్తిగా మానేయండి. ఇంట్లో ఉన్నది ఏదో ఒక పూట ఖాళీ అయ్యే తీరుతుంది.

మీరు వెళ్లినవారైతే, కాదనడం కంటే మరొకటి అడగడం మేలు. గ్లాసు చేతికి వచ్చాక వద్దంటే ఇంటివారు నొచ్చుకుంటారు. చెప్పులు విడుస్తూనే "వదినా, ఎండన పడి వచ్చినాము, మజ్జిగుంటే ఇయ్యి, అదే బాగుంటాది" అని అడిగితే వారికి పని తగ్గుతుంది, అడిగి తాగారన్న తృప్తీ మిగులుతుంది. పెద్దవారు బలవంతపెడితే "డాక్టరు వద్దన్నాడు అవ్వా" అన్న మాటకు మన ఊళ్లలో ఎదురు ఉండదు. అప్పటికీ తప్పకపోతే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టండి. ఒక్క సందర్భం కోసం బంధుత్వాన్ని చెడగొట్టుకోనవసరం లేదు, పెళ్లిలో తాగిన ఒక గ్లాసుతో చేసిన శ్రమ అంతా పోయిందని మిగతావి కూడా తాగనవసరం లేదు.

కడప, కర్నూలు వంటి చోట్ల రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు గులాబీ షర్బత్ ఉండడం మామూలు. పగలంతా నీళ్లు లేకుండా ఉన్న ఒంటికి ముందు రెండు ఖర్జూరాలు, ఒక పెద్ద గ్లాసు మంచినీళ్లు ఇచ్చి, నమాజ్ తర్వాత షర్బత్ తీసుకుంటే సగం గ్లాసుతోనే తృప్తి కలుగుతుంది. షర్బత్‌లో పాకం సగానికి తగ్గించి నిమ్మరసం, సబ్జా, పుచ్చకాయ ముక్కలు పెంచండి. తెల్లవారకముందు తినే సహరీ వేళ తియ్యటి టీకి బదులు పెరుగు గాని మజ్జిగ గాని తీసుకుంటే ఆ పగలు దాహం కొంత తగ్గుతుంది.

ఎండలో పనిచేసేవారికి

చెమట పోసేవారికి నీళ్లతో పాటు కొద్దిగా ఉప్పు కావాలి. కూల్‌డ్రింకులో అది దాదాపు ఉండదు. గ్లూకోజ్ పొడి పొట్లాల్లో ఉన్నది దాదాపు అంతా చక్కెరే, రోజూ కలుపుకుని తాగవలసిన మందు కాదు. మామూలు రోజున నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి చాలు.

వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ వచ్చినప్పుడు ఓఆర్‌ఎస్ అవసరం. అసలైన ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అందులో గ్లూకోజ్ లీటరుకు 13.5 గ్రాములే. పండ్ల రుచులతో, ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలతో డబ్బాల్లో అమ్మిన పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉండేది, విరేచనాలను అది ఇంకా పెంచగలదు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. డబ్బా కొనకండి, పొడి పొట్లం అడగండి. ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితంగా దొరుకుతుంది. పొట్లం అందుబాటులో లేనప్పుడు లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి వాడవచ్చు. ఈ వేళ చక్కెర మానాలన్న నియమం వర్తించదు.

పిల్లల విషయంలో

రెండేళ్లలోపు పిల్లలకు కూల్‌డ్రింకు గాని, డబ్బా రసం గాని, చక్కెర కలిపిన పాలు గాని అలవాటు చేయవద్దు. పాలసీసాలో తియ్యటి పాలు పోసి నోట్లో పెట్టి నిద్రపుచ్చితే ముందరి పళ్లు పుచ్చిపోతాయి. బడి పిల్లలకు సంచిలో నీళ్ల సీసా తప్పనిసరి. బడి ప్రాంగణంలోనూ, గేటు నుంచి 50 మీటర్లలోపూ చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పదార్థాలు అమ్మరాదని 2020 నాటి నిబంధనలు ఉన్నాయి. మీ ఊరి బడి ముందర అది జరగకపోతే తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. పిల్లలకు బహుమానంగా కూల్‌డ్రింకు కొనిచ్చే అలవాటు ముందుగా తాతలు, మేనమామలు మానాలి. దానిని ప్రేమకు గుర్తుగా ఇచ్చినంతకాలం పిల్లవాడికి అది చేటని ఎన్ని పాఠాలు చెప్పినా చెవికెక్కవు.

నంద్యాల కోచింగ్ సెంటర్లలో, అనంతపురం హాస్టళ్లలో రాత్రుళ్లు చదివేవారు ఎనర్జీ డ్రింకుల మీద ఆధారపడుతున్నారు. వాటిలో చక్కెరతో పాటు కెఫీన్ కూడా ఎక్కువ. ఆ రాత్రి మెలకువ ఇచ్చినా మరుసటి రాత్రి నిద్రను పాడుచేస్తుంది. అరగంట కునుకు తీసి లేచి చదవడం దానికంటే మేలు.

చక్కెర లేని కూల్‌డ్రింకుల గురించి

డైట్, జీరో అన్న పేర్లతో వచ్చేవాటిలో చక్కెర ఉండదు, కృత్రిమ తీపి ఉంటుంది. బరువు తగ్గడానికి వీటి మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అప్పటికే చక్కెర వ్యాధి ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. రోజుకు రెండు కూల్‌డ్రింకులు తాగే మనిషి మానే దారిలో కొన్ని వారాలు వీటిని వాడుకుంటే నేను తప్పుపట్టను. పిల్లలకు మాత్రం ఇవ్వవద్దు. వీటిలోనూ ఆమ్లం ఉంటుంది కాబట్టి పళ్లకు రక్షణ ఏమీ లేదు.

షుగరు మందులు వాడేవారికి తప్పనిసరి జాగ్రత్త

ఇన్సులిన్ లేదా షుగరు మాత్రలు వాడేవారు రోజూ తాగే తీపిని ఒక్కసారిగా మానేస్తే మందు మోతాదు ఎక్కువై రక్తంలో చక్కెర పడిపోయే అవకాశం ఉంది. మొదలుపెట్టే ముందు మీ వైద్యుడికి చెప్పండి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడడం కనిపించినా, పరీక్షలో 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ వచ్చినా, వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర గాని గ్లూకోజ్ గాని నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మరోసారి ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇటువంటివారి జేబులో చక్కెర పొట్లం ఎప్పుడూ ఉండాలి; దానిని ఇంట్లోవారు తీసి దాచిపెట్టకూడదు.

ఫలితం ఎలా తెలుస్తుంది?

మొదలుపెట్టే ముందు బరువు, నడుము చుట్టుకొలత రాసుకోండి. ముప్పై ఏళ్లు దాటినవారు ఏదైనా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. వీలుంటే హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్ల పరీక్షలు కూడా చేయించండి. హెచ్‌బీఏ1సీ 5.7 కంటే తక్కువైతే మామూలు, 5.7 నుంచి 6.4 వరకు ముందు దశ, 6.5 నుంచి చక్కెర వ్యాధి. గడచిన రెండు మూడు నెలల సగటును చూపించే పరీక్ష కాబట్టి నెలకే మళ్లీ చేయించి నిరాశపడవద్దు, మూడు నెలలు ఆగండి. ట్రైగ్లిజరైడ్లు 150 కంటే తక్కువ ఉండాలి. తీపి పానీయాలు తగ్గినప్పుడు ఇవి త్వరగా మెరుగుపడే అవకాశం ఉంది. ఆ మూడు నెలల్లో నెలకొక వారం మొదటి వారంలాగే మళ్లీ రాసుకుని, చెంచాల లెక్కను పాత పేజీ పక్కన పెట్టి చూడండి. ఎక్కడ తగ్గలేదో ఆ "ఎందుకు" గడిలోనే కనిపిస్తుంది. తర్వాతి నెల ఆ ఒక్కదాని మీదనే పనిచేయండి.